రెండు విమానాశ్రయముల నడుమ దూరము, ప్రయాణ కాలము: పూల రైతులకొక లెక్కల పాఠము



వ్యవసాయ పత్రికలో విమానముల మాట ఏల అని మీలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. విత్తనము, ఎరువు, తెగులు, నీరు అను నాలుగింటిని గూర్చి వ్రాయుట మా అలవాటు. కాని పంట చేతికి వచ్చిన పిమ్మట అది కొనువాని చేతికి చేరువరకు గడచు కాలము కూడ సేద్యములో భాగమే. ఈ కాలమును సరిగా లెక్కించుకొననందున ఆరు నెలల కష్టము ఒక్క పూటలో నీరుగారిపోయిన సందర్భములు కలవు.

నాలుగేండ్ల క్రిందట మా మేనమామగారు తమ తోటలోని మల్లెమొగ్గలను పండ్రెండు పెట్టెలలో కట్టి, ఒక దూరపు పట్టణమునకు విమానములో పంపిరి. పంపుటకు ముందు వారు అడిగిన ప్రశ్న ఒక్కటే: "విమానము ఎంతసేపు ఎగురుతుంది?" "గంటం బావు" అని జవాబు వచ్చినది. వారు సంతోషించిరి. ఆ దినమున విమానములో బరువు ఎక్కువైనందున నాలుగు పెట్టెలు మాత్రమే పోయినవి. ఎనిమిది పెట్టెలు మరునాటి విమానమునకు నిలిచిపోయినవి. అవి చేరునప్పటికి మొగ్గలన్నియు విచ్చి, రేకులు గోధుమరంగు తిరిగినవి. కొనువాడు కూలి ఖర్చునకైన ధర కట్టలేదు. "గంట ప్రయాణమే గదరా, పూలెలా పాడైపోయాయి?" అని వారు నన్ను అడిగిరి. ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఈ పాఠము ఆ ప్రశ్నకు సమాధానము.

ఇందుకు మనము రెండు చిన్న విమానాశ్రయములను ఉదాహరణగా తీసికొందము. ఒకటి రాజమహేంద్రవరమునకు ఉత్తరముగానున్న మధురపూడి విమానాశ్రయము. రెండవది తిరుపతి చెంతనున్న రేణిగుంట విమానాశ్రయము. మొదటిదానికి సుమారు 30 కిలోమీటర్ల దూరములో కడియము, కడియపులంక గ్రామముల పూలతోటలు, నారుమళ్ళు ఉన్నవి. రెండవదానికి సుమారు 15 కిలోమీటర్ల దూరములో తిరుపతి పట్టణము, ఆపైన ఏడుకొండలు. అక్కడ పూల అవసరము ఏనాడును తగ్గునది కాదు. కావున ఈ జంట మన లెక్కకు తగినది.

1. ఆకాశ మార్గపు దూరమును కనుగొనుట

దూరము కనుగొనుటకు సులభమైన పద్ధతి పటము, దారము. ఆంధ్రప్రదేశ్ పటమును బల్లపై పరచి, రాజమహేంద్రవరము నుండి తిరుపతి వరకు దారమును బిగించి పట్టుడు. ఆ దారపు పొడవును పటము అడుగున ఉన్న కొలబద్దతో సరిచూచిన దూరము తెలియును. ఇట్లు పట్టినప్పుడు మరియొక వింత కూడ కనిపించును. దారము పశ్చిమ గోదావరి మీదుగా, దివిసీమ మీదుగా పోయి బంగాళాఖాతములో దిగి, నెల్లూరు ప్రాంతమున మరల నేలపైకి వచ్చును. మన రోడ్డు మాత్రము సముద్రమును దాటలేదు గనుక ఏలూరు, విజయవాడ, ఒంగోలు అని చుట్టి పోవును. రోడ్డు దూరమునకు, ఆకాశ దూరమునకు భేదము ఇక్కడనే వచ్చినది.

ఇంకను ఖచ్చితముగా కావలెనన్న అక్షాంశ, రేఖాంశములతో లెక్క కట్టవచ్చును. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. మామిడితోట వేయునప్పుడు మూలమట్టము సరిచూచుటకు మీరు 3, 4, 5 అడుగుల తాడు పట్టుచున్నారు గదా! మూడును మూడుతో హెచ్చించి, నాలుగును నాలుగుతో హెచ్చించి, రెండును కూడిన ఇరువదియైదు వచ్చును. అది అయిదు అయిదులు. ఇక్కడను ఆ సూత్రమే. చేను మాత్రము పెద్దది.

మధురపూడి: ఉత్తర అక్షాంశము 17 డిగ్రీల 7 నిమిషములు, తూర్పు రేఖాంశము 81 డిగ్రీల 49 నిమిషములు.
రేణిగుంట: ఉత్తర అక్షాంశము 13 డిగ్రీల 38 నిమిషములు, తూర్పు రేఖాంశము 79 డిగ్రీల 33 నిమిషములు.

డిగ్రీకి 60 నిమిషములు. ఉత్తర దక్షిణములుగా భేదము 3 డిగ్రీల 29 నిమిషములు, అనగా 3.48 డిగ్రీలు. మన ప్రాంతమున ఒక అక్షాంశ డిగ్రీకి సుమారు 110.6 కిలోమీటర్లు. హెచ్చించిన 385 కిలోమీటర్లు వచ్చును.

తూర్పు పడమరలుగా భేదము 2 డిగ్రీల 16 నిమిషములు, అనగా 2.27 డిగ్రీలు. రేఖాంశములు భూమధ్యరేఖ నుండి ధ్రువము వైపు పోయిన కొలది ఒకదానికొకటి దగ్గరగును. పనసతొనలు కాయ నడుమ వెడల్పుగానుండి కొనల యందు సన్నగిలినట్లే ఇదియును. అందువలన ఈ రెండు ఊళ్ళ నడిమి అక్షాంశమున ఒక రేఖాంశ డిగ్రీకి సుమారు 107.3 కిలోమీటర్లే. హెచ్చించిన 244 కిలోమీటర్లు వచ్చును.

ఇప్పుడు 385ను 385తో హెచ్చించిన 1,48,225. 244ను 244తో హెచ్చించిన 59,536. రెండును కూడిన 2,07,761. దీని వర్గమూలము సుమారు 456. కావున మధురపూడి నుండి రేణిగుంటకు ఆకాశ మార్గమున దూరము సుమారు 456 కిలోమీటర్లు. పెద్దవారి అలవాటు ప్రకారము మైళ్ళలో చెప్పిన 283 మైళ్ళు. విమానము నడుపువారు సముద్రపు మైలును వాడుదురు. అది 1.852 కిలోమీటర్లు. ఆ కొలతలో ఇది 246 సముద్రపు మైళ్ళు.

కడియము నుండి తిరుపతికి రోడ్డు మార్గమున సుమారు 570 కిలోమీటర్లు. అనగా ఆకాశ మార్గములో నాలుగు కిలోమీటర్లకు నేలమీద అయిదు కిలోమీటర్లు నడువవలెనన్నమాట. రైలు మార్గము ఈ రెంటికి నడుమ ఉన్నది. రాజమహేంద్రవరము నుండి విజయవాడ, గూడూరుల మీదుగా రేణిగుంటకు సుమారు 525 కిలోమీటర్లు.

రెండు ఊళ్ళ గడియారములలో భేదముండునా అని ఒక విద్యార్థి నన్ను అడిగెను. ఉండదు. భారతదేశమంతటికిని 82 డిగ్రీల 30 నిమిషముల రేఖాంశమే కాలమానము. ఈ రేఖ మన కాకినాడకు సమీపముగా పోవుచున్నది. కాని సూర్యుడు మాత్రము డిగ్రీకి 4 నిమిషముల చొప్పున, రాజమహేంద్రవరముకన్న తిరుపతిలో సుమారు 9 నిమిషములు ఆలస్యముగా నడినెత్తికి వచ్చును.

2. ఎగురు కాలము

దూరమును వేగముచే భాగించిన కాలము వచ్చును. చిన్న విమానాశ్రయముల నడుమ తరచుగా తిరుగునవి పంకా విమానములు. డెబ్బది మంది కూర్చుండు ఏటీఆర్ రకము విమానము గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగముతో పోవును. 456ను 500చే భాగించిన సుమారు 55 నిమిషములు.

కాని కాలపట్టికలో 55 నిమిషములని ఉండదు. 1 గంట 15 నిమిషములో, అంతకు కొంచెము ఎక్కువయో ఉండును. ఏలననగా, విమానము తన స్థానమునుండి కదలి రన్‌వే చివరకు పోవలెను. ఎగిరిన పిమ్మట పైకెక్కునంతసేపు దాని వేగము తక్కువ. దిగునప్పుడు గాలికి ఎదురుగా దిగవలెను గనుక ఒక్కొక్కసారి చుట్టు తిరిగి రావలెను. ఆకాశములో కూడ నిర్ణయించిన బాటలున్నవి. మన దారము వలె తిన్నగా పోవుటకు ఎల్లప్పుడు వీలు కలుగదు. వీటన్నిటికి కలిపి 20 నిమిషములు వేసికొన్న 1 గంట 15 నిమిషములగును.

జెట్ విమానమైనచో గంటకు సుమారు 800 కిలోమీటర్లు పోవును గదా, కాలము చాల తగ్గునా? ఎగురుటకు 34 నిమిషములు పట్టును. ఎక్కుట, దిగుట, నేలమీద నడచుట మాత్రము దానికిని తప్పదు. మొత్తము సుమారు ఒక గంట. అనగా వేగము ఒకటిన్నర రెట్లకు మించినను కలిసివచ్చినది పావుగంట మాత్రమే. దగ్గరి దూరములలో వేగముకన్న, వేగములేని నిమిషములే ఎక్కువ తినివేయును. ఈ సూత్రమును మరువకుడు. ముందు ముందు పనికివచ్చును.

గాలి వలన కూడ కొంత భేదము కలుగును. గంటకు 40 కిలోమీటర్ల ఎదురుగాలి వీచిన 55 నిమిషములకు బదులు 60 నిమిషములు పట్టును. వెనుకనుండి వీచిన 51 నిమిషములు. ఇది పెద్ద భేదము కాదు.

మన దేశములో విమానమున తపాలాను మోసిన మొదటి ప్రయాణము 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుండి నైనీకి జరిగినది. హెన్రీ పెకె అను ఫ్రెంచి వైమానికుడు సుమారు 6,500 ఉత్తరములను యమునానది దాటించి, ఇంచుమించు 10 కిలోమీటర్లను 13 నిమిషములలో పోయెను. లెక్క కట్టిన గంటకు 46 కిలోమీటర్ల వేగము. నేడు మన లారీ పగలనక రాత్రియనక పోవు సగటు వేగము కూడ ఇంచుమించు అంతే.

3. గుమ్మము నుండి గుమ్మమునకు పట్టు కాలము

రైతునకు కావలసినది ఎగురు కాలము కాదు. కోసిన చేతినుండి కొను చేతికి పోవు మొత్తము కాలము. ఈ క్రింది అంచనాను చూడుడు. నేరుగా పోవు విమానమున్న దినమునకు ఈ లెక్క వర్తించును.

తోటనుండి మధురపూడికి: 1 గంట.
సరకు అప్పగించి, తూకము, తనిఖీ ముగించుకొని విమానము కదలువరకు: 3 గంటలు.
విమాన ప్రయాణము: 1 గంట 15 నిమిషములు.
రేణిగుంటలో సరకు దించి చేతికిచ్చువరకు: 1 గంట.
రేణిగుంట నుండి తిరుపతి పూల అంగడికి: 45 నిమిషములు.
మొత్తము: 7 గంటలు.

ఈ ఏడు గంటలలో ఎగిరినది గంటం బావు మాత్రమే. అయిదవ వంతు కూడ లేదు. తోట నుండి అంగడికి సాగిన దూరము 30, 456, 15 కలిపి 501 కిలోమీటర్లు. ఏడుచే భాగించిన గంటకు 72 కిలోమీటర్లు. ఆకాశములో 500 వేగముతో పోయిన విమానము రైతు లెక్కలో 72 వేగముతోనే పోయినదన్నమాట.

లారీ లెక్క చూతము. కడియము జాతీయ రహదారికి చేరువనే ఉన్నది గనుక తోట దగ్గరనే ఎక్కించి, తిరుపతి అంగడిలోనే దించవచ్చును. 570 కిలోమీటర్లు, ఆగుటలతో కూడ గంటకు 50 చొప్పున 11 గంటల 24 నిమిషములు. ఎక్కించుటకు మరియొక అరగంట. మొత్తము సుమారు 12 గంటలు. సగటు వేగము గంటకు సుమారు 47 కిలోమీటర్లు.

కావున విమానమునకు, లారీకి భేదము 12లో 7 పోగా 5 గంటలు. మా మేనమామగారు అనుకొన్నట్లు పదునొకండు గంటలు కాదు.

నేరు విమానము లేని దినమున లెక్క మారును. చిన్న పట్టణముల నడుమ విమానములు ఋతువును బట్టి, ప్రయాణీకులను బట్టి మారుచుండును. వారమునకు కొన్ని దినములే ఉండుటయు, కొంతకాలము నిలిచిపోవుటయు కలదు. అప్పుడు శంషాబాదు మీదుగా పంపవలసి వచ్చును. మధురపూడి నుండి శంషాబాదు సుమారు 361 కిలోమీటర్లు, అక్కడినుండి రేణిగుంట సుమారు 417 కిలోమీటర్లు; మొత్తము 778. రెండు ప్రయాణములకు రెండున్నర గంటలు, నడుమ మార్చుటకు రెండున్నర గంటలు వేసికొనుడు. గంటం బావు స్థానమున 5 గంటలు వచ్చినవి. మొత్తము కాలము 7 నుండి 10 గంటల 45 నిమిషములకు పెరిగినది. లారీకన్న కలిసివచ్చినది గంటం బావు! దీని కొరకు రెట్టింపు కిరాయి పెట్టుట తెలివియగునా?

4. గడియారము ఒక్కటే చాలదు, ఎండను కూడ లెక్కింపవలెను

కోసిన పువ్వు చచ్చినది కాదు. అది శ్వాసించుచునే యుండును. శ్వాసించుకొలది తనలోని చక్కెరను ఖర్చు చేసికొని, వేడిని పుట్టించి, వాడిపోవును. వేడి 10 డిగ్రీలు పెరిగిన ఈ శ్వాసక్రియ సుమారు రెండు నుండి మూడు రెట్లగును. అనగా ఎండవేళ గడచిన ఒక గంట, చల్లనివేళ గడచిన రెండు గంటలతో సమానమని మోటుగా చెప్పుకొనవచ్చును.

ఇప్పుడు పై లెక్కను తిరుగవేయుదము. వేసవిలో రాత్రి ఉష్ణము 26 డిగ్రీలు, పగలు 36 డిగ్రీలు అనుకొందము. రాత్రి లారీలో 12 గంటలు అనగా 12 చల్లని గంటలు. పగటి విమానమున పంపినప్పుడు, విమానములోని గంటం బావు చల్లగానున్నదని ఒప్పుకొన్నను, మిగిలిన 5 గంటల 45 నిమిషములు ఎండలోనే. దానిని రెండుచే హెచ్చించిన 11న్నర. గంటం బావు కలిపిన దాదాపు 13 చల్లని గంటలు. చూచితిరా! గడియారము ప్రకారము విమానము 5 గంటలు ముందు. పువ్వు ప్రకారము లారీయే కొంచెము ముందు.

ఇందువలన విమానము పనికిరాదని నా అభిప్రాయము కాదు. విమానాశ్రయములో నిరీక్షించు 3 గంటలను చల్లబరచినచో లెక్క తారుమారగును. ఆ మూడు గంటలును, దించిన తరువాతి ఒక గంటయు చల్లని గంటలే అయినచో, 13కు బదులు 9 మాత్రమే వచ్చును. కావున ప్రయోజనము విమానపు వేగములో లేదు. మన పెట్టె చల్లదనములో ఉన్నది.

5. ఏ పువ్వును ఏ దారిని పంపవలెను?

బంతి, చామంతి: ఇవి కొంత ఓర్చుకొను పూలు. సాయంకాలము ఎండ తగ్గిన పిమ్మట కోసి, నీడలో ఆరబోసి, రాత్రి ఏడు గంటలకు లారీ ఎక్కించినచో ఉదయము ఏడు గంటలకు తిరుపతి చేరును. వీటికి విమానపు కిరాయి పెట్టనవసరము లేదు.

మల్లె: దీని సంగతి వేరు. తెల్లవారుజామున మొగ్గగా కోయవలెను. ఆ మొగ్గ ఆ సాయంకాలమే విచ్చును. విచ్చకముందే మాలకట్టువారి చేతిలో పడవలెను. ఉదయము లారీ ఎక్కించిన సాయంకాలము ఏడు గంటలకు చేరును, అప్పటికే విచ్చును. రాత్రి లారీకి ఆపితిమా, మరునాటికి దానికి విలువయే లేదు. కావున మల్లెకు విమానమే దారి. కాని ఏ విమానము?

విమానము ఉదయము 11 గంటలకు కదలుననుకొందము. వెనుకకు లెక్కపెట్టుడు. 8 గంటలకు సరకు అప్పగింపవలెను. 7 గంటలకు తోట విడువవలెను. 6 గంటలకు కోత ముగిసి పెట్టె కట్టుట మొదలుకావలెను. 11 నుండి ముందుకు లెక్కించిన 12 గంటల 15 నిమిషములకు దిగును. 1 గంట 15 నిమిషములకు సరకు చేతికి వచ్చును. 2 గంటలకు అంగడి చేరును. మొగ్గ విచ్చుటకు ఇంకను నాలుగు గంటల వ్యవధి ఉన్నది. ధర పలుకును. అదే విమానము సాయంకాలము 5 గంటలకు కదలినచో రాత్రి 8 గంటలకు గాని అంగడి చేరదు. రెండు విమానముల ఎగురు కాలము ఒక్కటే, గంటం బావు. ఒకటి లాభము, రెండవది నష్టము. అందువలన "ఎంతసేపు ఎగురును?" అని కాక, "ఎన్ని గంటలకు కదలును? సరకు ఎన్ని గంటలలోపల ఇవ్వవలెను?" అని అడుగవలెను.

6. తూకము, కిరాయి

విమానములో కిరాయిని అసలు బరువు మీద గాని, పెట్టె ఆక్రమించు చోటు మీద గాని, ఏది ఎక్కువయైన దాని మీద వేయుదురు. చోటు లెక్కకు సాధారణముగా 6,000 ఘన సెంటీమీటర్లను ఒక కిలోగా పరిగణింతురు. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు గల పెట్టె 96,000 ఘన సెంటీమీటర్లు. అనగా 16 కిలోలు. దానిలో 10 కిలోల పూలే ఉన్నను 16 కిలోలకు కిరాయి చెల్లింపవలెను. లెక్కకొరకు కిలోకు లారీకన్న 30 రూపాయలు ఎక్కువ అనుకొందము. 16ను 30తో హెచ్చించిన 480 రూపాయలు. 10 కిలోల పూలపై పంచిన కిలోకు 48 రూపాయలు. ఆ మేరకు ధర ఎక్కువ పలికిననే విమానము గిట్టును, లేకున్న లేదు. మీ ఊరి కిరాయిలను వేసికొని ఈ లెక్కను మీరే చేసికొనుడు.

చిన్న విమానములో ప్రయాణీకులకు, వారి సామానులకు చోటు పోగా మిగిలిన దానిలోనే సరకు పోవును. పండుగ దినములలో ప్రయాణీకులు నిండుదురు. పూలకు గిరాకి ఉండునదియు ఆ దినములలోనే. కావున చోటు ముందుగా ఖాయము చేసికొని, ఎన్ని కిలోలు నిశ్చయముగా పోవునో వ్రాతమూలముగా తీసికొనవలెను. మా మేనమామగారు చేయని పని ఇదియే.

ప్రాంతీయ పట్టణములను విమానములతో కలుపుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో ఉడాన్ పథకమును ప్రకటించినది. దాని క్రింద మొదటి విమానములు 2017 ఏప్రిల్ 27న బయలుదేరినవి. సిమ్లా-ఢిల్లీ మార్గముతోబాటు మన కడప-హైదరాబాదు మార్గమును ఆనాడే ప్రారంభించిరి. సుమారు 200 నుండి 800 కిలోమీటర్ల మార్గములను ఆ పథకమునకు తగినవిగా ఎంచిరి. మన 456 కిలోమీటర్లు సరిగా ఆ నడుమ వచ్చును. పంటల రవాణా కొరకు 2020లో కృషి ఉడాన్, 2021 అక్టోబరులో దాని రెండవ రూపము వచ్చినవి. అందలి రాయితీలు కొండ, గిరిజన, ఈశాన్య ప్రాంతములకు ముఖ్యముగా ఉద్దేశింపబడినవి. మీ విమానాశ్రయమునకు ఏది వర్తించునో అక్కడి సరకు విభాగములో విచారించి తెలిసికొనుడు.

7. పెట్టె కట్టు విధము

(అ) తడిపూలను ఎన్నడును పెట్టెలో కట్టరాదు. నీడలో పలుచగా పరచి, కోతవేడి చల్లారిన పిమ్మట కట్టవలెను.

(ఆ) గాలిరంధ్రములు గల అట్టపెట్టెలో లోపల కాగితము పరచి పూలను అదమకుండ నింపవలెను. అదిమిన కొలది నడుమ వేడి పుట్టి మసలిపోవును.

(ఇ) గడ్డకట్టించిన నీటిసీసాలను కాగితములో చుట్టి, మూతలు గట్టిగా బిగించి, పూలకు తగులకుండ ప్రక్కల పెట్టవలెను. నీరు కారు పెట్టెను విమానములో ఎక్కించుకొనరు.

(ఈ) పెట్టెపై కోసిన సమయము, బరువు, అందుకొనువారి టెలిఫోను సంఖ్య పెద్ద అక్షరములతో వ్రాయవలెను.

(ఉ) పంపు ముందు విమానము సకాలమున ఉన్నదో లేదో కనుగొని, లేనిచో సరకును దగ్గరి అంగడికి మరల్చుటకు ఏర్పాటు చేసికొని యుండవలెను. రాజమహేంద్రవరములో తక్కువ ధరకు అమ్మిన తాజా పువ్వు, తిరుపతిలో పారవేసిన వాడినపువ్వుకన్న మేలు.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

ఆకాశ దూరము వేరు, రోడ్డు దూరము వేరు. ఎగురు కాలము వేరు, చేరు కాలము వేరు. దగ్గరి దూరములలో విమానపు వేగముకన్న నేలమీది నిరీక్షణయే ఎక్కువ. ఎండలోని గంట చల్లనివేళ రెండు గంటలతో సమానము. నేరు విమానము లేనిచో లారీతో పోల్చిచూచి గాని పంపరాదు. అన్నిటికన్న ముఖ్యము, విమానము కదలు వేళ పువ్వు విచ్చు వేళతో కుదరవలెను.

అభ్యాసము

గన్నవరము విమానాశ్రయము ఉత్తర అక్షాంశము 16 డిగ్రీల 32 నిమిషములు, తూర్పు రేఖాంశము 80 డిగ్రీల 48 నిమిషములు. అక్కడినుండి రేణిగుంటకు ఆకాశ దూరమెంత? గంటకు 500 కిలోమీటర్ల వేగముతో ఎగురు కాలమెంత? ఇంటిలో చదువుకొను పిల్లలచేత కూడ చేయింపుడు. సమాధానము: సుమారు 348 కిలోమీటర్లు, సుమారు 42 నిమిషములు. దీనికి నేలమీది గంటలను మీ ఊరి అనుభవమును బట్టి మీరే కలుపుకొనుడు.

మా మేనమామగారు ఈ పాఠమును అచ్చుకు పంపకముందే విని, "అయితే తప్పు విమానానిది కాదు, మన లెక్కది" అనిరి. మరుసటి వేసవినుండి వారు బంతిని రాత్రి లారీలోను, మల్లెను చోటు ఖాయము చేసికొన్న ఉదయపు విమానములోను మాత్రమే పంపుచున్నారు. ఆ విమానము లేని దినమున మల్లెను దగ్గరి అంగడిలోనే అమ్మివేయుచున్నారు. ఏ దినమునకాదినము లెక్కలను గోడమీది క్యాలెండరుపై పెన్సిలుతో వ్రాసికొందురు. రైతు సోదరులు కూడ ఒక్క సీజను ఈ విధముగా వ్రాసి చూడగోరెదను.